జేజినీ పిల్లల్నీ వెంటేసుకుని బెంగళూరు నుంచి గణేశ్‌గుడి అడవికి బస్సులో

ఇంట్లో కారుంది. అయినా అడవికి మేం బస్సులోనే పోతాం. విన్నవాళ్లు పెట్రోలుకి వెనకాడుతున్నాం అనుకుంటారు. లెక్క అది కాదు. గణేశ్‌గుడికి దగ్గరి ఊరు దాండేలి, బెంగళూరు నుంచి అక్కడికే దగ్గర దగ్గర 470 కిలోమీటర్లు. వారమంతా అవుటర్ రింగ్ రోడ్డు మీద క్లచ్చి తొక్కిన మనిషి శుక్రవారం రాత్రి మళ్లీ స్టీరింగు పట్టుకుంటే శనివారం మధ్యాహ్నం అడవిలో గురక పెట్టి నిద్రపోతాడు. పిట్టలు కూడా పారిపోతాయి. అదే బస్సయితే మనం పడుకుంటాం, రాత్రిళ్లు బండి నడపడమే వృత్తిగా ఉన్న మనిషి మనల్ని తీసుకెళ్తాడు.

మా గుంపు ఇదీ: నేను, మా ఆయన, మూడో తరగతి పెద్దోడు, ఇంకా ఆరేళ్లు నిండని చిన్నది, మా అత్త. అత్తది కదిరి, పిల్లలకి ఆమె జేజి. షుగరుంది, మోకాళ్ల నొప్పులున్నాయి, నోరు మాత్రం పదహారేళ్లది. ఉండేది రామమూర్తి నగర్‌లో. కింద రాసిందంతా ఇలాంటి గుంపు కోసమే. కుర్రాళ్లు నలుగురు బ్యాగు భుజానేసుకుని పోయే ప్రయాణానికి ఇంత చాదస్తం అక్కర్లేదు.

పోయేది ఎక్కడికంటే, ఉత్తర కన్నడ జిల్లాలో జోయిడా తాలూకా గణేశ్‌గుడి. అక్కడ కర్ణాటక ప్రభుత్వపు జంగిల్ లాడ్జెస్ వాళ్ల బస ఒకటుంది, పేరు ఓల్డ్ మ్యాగజైన్ హౌస్. మ్యాగజైన్ అంటే చదివేది కాదు, మందుగుండు గోదాము. కాళీ నది మీద సూపా ఆనకట్ట కట్టేటప్పుడు పేలుడు సామగ్రి దాచిన చోటు అది. 101 మీటర్ల ఎత్తున్న ఆ ఆనకట్ట 1987లో పూర్తయింది, దాని వెనక నీళ్లలో సూపా అనే ఊరే మునిగిపోయింది. ఇప్పుడు ఆ గోదాము చుట్టుపక్కల చెట్లకింద నీళ్ల తొట్లు పెట్టి ఉంటారు, వాటిలో స్నానం చేయడానికి పిట్టలొస్తాయి. మీరు కుర్చీలో కూర్చుని చూడటమే. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇంతకంటే సుఖమైన అడవి నాకు తెలీదు. పులి కనబడాలని పోయేవాళ్లు మాత్రం కబినికో బండీపురకో పోండి. ఇది కాళీ పులుల అభయారణ్యం పక్కనే అయినా ఇక్కడ దట్టమైన చెట్ల మధ్య పులి కనబడటం అరుదు.

ముందు లాడ్జి వేళలు చూడండి, తర్వాతే బస్సు

చాలామంది బస్సు టికెట్టుతో మొదలెడతారు. నేను లాడ్జి గడియారంతో మొదలెడతాను. ఇలాంటి అడవి బసల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం భోజనం వేళకి, ఖాళీ చేయమనేది మర్నాడు పొద్దున ఫలహారం అయ్యాక. మధ్యలో దక్కేది ఒక సాయంత్రం, ఒక రాత్రి, ఒక తెల్లవారుజాము. అడవి మేలుకునేదీ మనకి ఏదైనా కనబడేదీ ఆ సాయంత్రమూ ఆ తెల్లవారుజామే. ఆ రెండు పూటలకీ ఇంట్లో బలహీనులు ఎవరో వాళ్లు కడుపులో తిప్పకుండా, నిద్ర చాలి, కాళ్లు వాయకుండా ఉండాలి. ప్రయాణం ఏర్పాట్లన్నీ దీనికోసమే. మా ఇంట్లో ఆ బలహీనులు ఇద్దరు, జేజి, చిన్నది. నిర్ణయాలన్నీ వాళ్ల ఒంటిని బట్టి తీసుకుంటాను. మా ఆయనా పెద్దోడూ ఎక్కడ కూలబడినా నిద్రపోయే రకం, వాళ్లని లెక్కలోకి తీసుకోను.

వీలైతే రెండు రాత్రులుండండి. ఇంత దూరం పోయి ఒక్క రాత్రికి వెనక్కి రావడం పెద్దవాళ్లకి శిక్ష. ఆదివారం నుంచి గురువారం దాకా గదులు సులువుగా దొరుకుతాయి. దసరా సెలవుల్లోనూ, సంక్రాంతికి శనాదివారాలు కలిసొచ్చినప్పుడూ ముందు లాడ్జి ఖాయం చేసుకోకుండా బస్సు టికెట్టు కొనొద్దు.

ఏ నెలలో అంటే, పిట్టల కోసమైతే నవంబరు నుంచి మార్చి దాకా. ఎండలు ముదిరేకొద్దీ నీళ్ల తొట్ల దగ్గర పిట్టల సందడి ఎక్కువవుతుంది గానీ మనుషులకి ఉక్కపోత. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ పడేది మన అనంతపురం వైపు జనం ఊహకి అందని వాన. అడవి అందంగానే ఉంటుంది, జలగలూ ఉంటాయి, కాళీలో రాఫ్టింగు ఆగిపోతుంది. జేజితో వానాకాలం వద్దు.

బస్సు, బెర్తు

మెజెస్టిక్ కెంపేగౌడ బస్టాండు నుంచి రాత్రిళ్లు నేరుగా దాండేలికి ప్రభుత్వ బస్సులున్నాయి. వాయవ్య కర్ణాటక రోడ్డు రవాణా సంస్థవి, కేఎస్ఆర్టీసీ వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. దారి తుమకూరు, సిరా, చిత్రదుర్గం, దావణగెరె, హావేరి, హుబ్బళ్లి, ధారవాడ మీదుగా. అక్కడిదాకా పెద్ద హైవే. ధారవాడ దాటాక హళియాళ మీదుగా చిన్న రోడ్డు. మొత్తం పది పదకొండు గంటలు. నేరు బస్సులో చోటు లేకపోతే హుబ్బళ్లికో ధారవాడకో పోండి, వాటికి లెక్కలేనన్ని బస్సులు. ధారవాడ నుంచి దాండేలి దాదాపు 57 కిలోమీటర్లే, బస్సు మారాలంతే. కాకపోతే తెల్లారుజామున నాలుగున్నరకి నిద్రలో ఉన్న పిల్లని భుజాన, సంచిని చేతిలో, అత్తని పక్కన పెట్టుకుని ప్లాట్‌ఫారం వెతకడం నాకు ఇష్టం లేదు. నేరు బస్సు కోసం తేదీ మార్చుకోమన్నా మార్చుకుంటాను.

ప్రైవేటు స్లీపర్లు చూడటానికి తళతళలాడుతుంటాయి. మడివాళ, ఆనందరావు సర్కిల్, యశవంతపుర అంటూ ఆగి ఆగి జనాన్ని ఎక్కించుకునేసరికి ఊరు దాటడానికే గంటన్నర పోతుంది. పిల్లలు ఆ గంటన్నరలోనే "ఇంకా ఎంతసేపు" మొదలెడతారు.

శుక్రవారం రాత్రి ఎనిమిదింటి బస్సు మాత్రం పట్టుకోవద్దు. గోరగుంటెపాళ్య నుంచి నెలమంగళ దాకా తుమకూరు రోడ్డు ఆ వేళకి ఎలా ఉంటుందో బెంగళూరు వాళ్లకి చెప్పాలా? తొమ్మిది దాటాక బయల్దేరేది చూసుకోండి. అది దాండేలి చేరేది కూడా బాగా తెల్లవారాకే, చీకట్లో దిగే బాధ తప్పుతుంది.

బెర్తుల సంగతి కాస్త నిదానంగా చదవండి. స్లీపరులో ఒక పక్క జంట బెర్తులు, ఇంకో పక్క ఒంటి బెర్తులు, కిందా పైనా. బస్సు మధ్యలో కింది జంట బెర్తు జేజికీ పెద్దోడికీ. వెనక చక్రాల మీద ఉన్న బెర్తులు హావేరి దాటేలోపు నడుముతో మాట్లాడతాయి. అన్నిటికంటే ముందున్న వాటికి ఎదురొచ్చే లారీల లైట్లు, హారన్లు. మధ్యలోదే మేలు. చిన్నదీ నేనూ ఒంటి బెర్తులో కింద, దాన్ని లోపలి పక్క కిటికీ వైపు పడుకోబెట్టి నేను అంచున. మా ఆయన పైన ఎక్కడో. కేఎస్ఆర్టీసీలో ఆరేళ్లు నిండని పిల్లకి టికెట్టు లేదు, కాబట్టి బెర్తూ లేదు. ఆరు నుంచి పన్నెండు దాకా అర టికెట్టు. పిల్లల వయసు కాగితం ఫోన్లో పెట్టుకోండి, అడిగితే చూపించొచ్చు.

శక్తి పథకం గురించి అందరూ అడుగుతారు. 2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో ఆడవాళ్లకి ప్రభుత్వ బస్సుల్లో ఉచితం, కానీ మామూలు బస్సుల్లోనూ ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ మాత్రమే. స్లీపరుకీ ఏసీకీ డబ్బు కట్టాల్సిందే. ఇంకో మెలిక ఏంటంటే గుర్తింపు కార్డులో కర్ణాటక చిరునామా ఉండాలి. దాండేలి నుంచి గణేశ్‌గుడికి పోయే మామూలు బస్సులో నా ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు చింపి ఇచ్చారు. మా అత్త ఆధార్ కదిరిది, ఆమెకి డబ్బు. ఆమె ఊరుకుంటుందా? "మా ఆంధ్రాలో నాకూ ఫ్రీనే అమ్మీ, ఈయప్పకి చెప్పు" అని కండక్టరు మీదికి నన్ను ఎగదోసింది. ఆయనకి తెలుగు వచ్చు, నవ్వేసి చిల్లర ఇచ్చాడు. బెంగళూరులో పదేళ్లుగా ఉంటూ ఆధార్ మాత్రం సొంతూరిదే ఉంచుకున్న తెలుగు ఆడవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

సంచులు

మనిషికొక వీపు సంచి, జేజికి చేతిలో పట్టుకునే చిన్న సంచి, అంతే. చక్రాల సూట్‌కేసు మెజెస్టిక్‌లో బాగుంటుంది, గణేశ్‌గుడి మట్టిదారిలో దాన్ని మోయాల్సింది మీరే. మెట్రోలో పోయేవాళ్లకి సామాను స్కానింగులో పెద్ద సంచులతో తంటా కూడా. మేం బెన్నిగానహళ్లిలో పర్పుల్ లైను ఎక్కితే మారకుండా నేరుగా మెజెస్టిక్. రాత్రి బస్సుకి ఇంతకన్నా నమ్మకమైన దారి లేదు, కేబ్ బుక్ చేసి టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఇరుక్కుంటే బస్సు మనకోసం ఆగదు. మెట్రో దిగాక బస్టాండుకి కాస్త నడక, మెట్లు. జేజి ఉన్నప్పుడు అరగంట ఎక్కువ పెట్టుకుంటాను. బోర్డులు కన్నడంలో ఉంటాయి, తెలుగు చదివేవాళ్లు కాస్త ఓపిగ్గా చూస్తే కూడబలుక్కుని చదివేయొచ్చు. పెద్దోడికి ఆ పని అప్పగించాం, వాడే ప్లాట్‌ఫారం కనిపెడతాడు.

డిక్కీలో పడేసే సంచి వేరు, పక్కన ఉంచుకునే సంచి వేరు. పక్కన ఉండాల్సినవి: మందులు, ఒక దుప్పటి, ఉన్ని సాక్సులు, చిన్న టార్చి, నీళ్లు, పిల్లకి ఒక జత బట్టలు, వాంతి కవర్లు, పాత న్యూస్‌పేపరు, తడి టిష్యూలు. బట్టలు ఆకుపచ్చ, మట్టి, బూడిద రంగుల్లో పెట్టుకోండి. మెరిసే ఎరుపూ తెలుపూ వేసుకుని నీళ్ల తొట్టి ముందు కూర్చుంటే పక్కన పెద్ద కెమెరా పెట్టుకున్నాయన మీ వైపు చూసే చూపు మీకు అర్థమవుతుంది. మా అత్తకి ముదురాకుపచ్చ నేత చీర ఒకటుంది, అడవి చీర అని దానికే పేరు పడిపోయింది. సెంటు వద్దు, మల్లెపూలూ వద్దు. బైనాక్యులర్ కొనేవాళ్లు 8x42 రకం (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) తీసుకోండి, పిల్లల చేతికీ అందుతుంది, చెట్ల నీడలో కూడా వెలుగు చాలుతుంది.

కడుపు, ఒంటేలు, షుగరు

ఇక్కడ కాస్త మొహమాటం వదిలేసి రాస్తాను, ఎందుకంటే పెద్దవాళ్లు బస్సు వద్దనేది ఈ కారణంతోనే, పైకి మాత్రం మోకాళ్లు అంటారు. మా అత్త కూడా మొదట్లో రానంది. అసలు భయం రాత్రి బస్సులో ఒంటేలుకి ఎలాగా అని. దాంతో ఏం చేస్తారంటే మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేస్తారు. షుగరున్న మనిషి నీళ్లు మానేస్తే నీరసం, తలనొప్పి, తెల్లారేసరికి మొహం పీక్కుపోయి ఉంటుంది. కాబట్టి ముందే ఒప్పందం చేసుకుంటాం. సాయంత్రం ఆరు దాకా మామూలుగా నీళ్లు, తర్వాత గుక్క గుక్క. బస్సు ఎక్కే ముందు మెజెస్టిక్‌లో ఒకసారి, హోటల్ దగ్గర ఆపినప్పుడు అవసరం ఉన్నా లేకున్నా ఒకసారి, అర్ధరాత్రి దాటాక చిత్రదుర్గమో దావణగెరెనో బస్టాండులో ఆగినప్పుడు ఒకసారి. ఎక్కగానే కండక్టరుతో మాట్లాడి పెట్టుకోవాలి, "పెద్దావిడ ఉంది, ఎక్కడ ఆపినా మాకు చెప్పండి" అని. "స్వల్ప నిల్లిసి సార్, టాయ్‌లెట్‌గె హోగబేకు" (కాస్త ఆపండి సార్, టాయ్‌లెట్‌కి పోవాలి) అన్న ఒక్క కన్నడ ముక్క జేజికి కూడా నేర్పించాం. ఆమె దాన్ని కదిరి యాసలో అంటుంది, అందరికీ అర్థమవుతుంది. ఆపినచోట ఆమెని ఒంటరిగా దించొద్దు. ఒకరు తోడు, ఇంకొకరు బస్సు తలుపు దగ్గర. రాత్రి ఒకే రంగు బస్సులు ఆరు వరసగా నిలబడి ఉంటాయి, నంబరు ప్లేటు ఫోటో తీసుకునే దిగాలి.

బీపీ మాత్రల్లో ఒంటేలు ఎక్కువ చేసేవి ఉంటాయి. ప్రయాణం రోజు ఆ మాత్ర ఏ వేళకి వేసుకోవాలో డాక్టరుని అడగండి. సొంతంగా మానేయడం, వేళలు జరపడం వద్దు.

రాత్రి భోజనం బస్సు ఆగే హోటల్లో చేద్దాం అనుకోవద్దు. ఆగేసరికి పదిన్నరో పదకొండో అవుతుంది. షుగరు మాత్ర వేసుకునే మనిషి అంతసేపు ఆగలేదు, ఆగకూడదు. ఏడున్నరకల్లా ఇంట్లోనే తినేసి ఎక్కుతాం. రెండు చపాతీలు, పెసరపప్పు, కాస్త పెరుగన్నం. పులిహోర చాలామంది కడతారు, నేను కట్టను. నూనె, చింతపండు, రాత్రి కుదుపులు, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో చిన్నది ఉన్న ఇంట్లో వేరే చెప్పక్కర్లేదు. సంచిలో మరమరాలు, వేయించిన శనగలు, అరటిపళ్లు, మారీ బిస్కెట్లు. జేజి కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే నోట్లో వేయడానికి గ్లూకోజు బిళ్లలో చక్కెర పొట్లమో ఆమె కొంగుకే కట్టి ఉంటుంది. మా ఆయన మాత్రం హోటల్లో దిగి ఆమ్లెట్టు తింటాడు, అది ఆయన పండగ.

వాంతుల సంగతి. హైవే మీద ఎవరికీ ఏమీ కాదు. ధారవాడ దాటి హళియాళ రోడ్డెక్కాక మెలికలు మొదలవుతాయి, దాండేలి నుంచి గణేశ్‌గుడి దాకా ఉన్న పాతిక కిలోమీటర్లు ఇంకా మెలికలు. మాత్ర వాడేవాళ్లు డాక్టరు చెప్పిన మోతాదులోనే, మెలికలు మొదలయ్యే గంట ముందు వేసుకోవాలి. రాత్రి మెజెస్టిక్‌లో వేసుకున్న మాత్ర పొద్దుటి ఘాట్ రోడ్డుకి పనిచేస్తుందని నమ్మొద్దు. పిల్లలకి అయితే బరువుని బట్టి మోతాదు, పిల్లల డాక్టరుని అడగాల్సిందే. మాత్ర వద్దనుకుంటే అల్లం మురబ్బా, ఎండు ఉసిరి. ఖాళీ కడుపు మంచిది కాదు, రెండు ఇడ్లీలు ఉంటే నయం. పగటి బస్సులో ముందు సీట్లలో కూర్చోబెట్టి దూరంగా రోడ్డు చూడమనండి. పిల్లల చేతిలో ఫోన్ మాత్రం పెట్టొద్దు, సగం వాంతులు దానివల్లే.

పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం దాకా

దాండేలిలో దిగేది ఏడు ప్రాంతంలో, గది దొరికేది మధ్యాహ్నం. ఈ ఐదారు గంటల గురించి ఎవరూ ఆలోచించరు, ప్రయాణం చెడేది ఇక్కడే. మా ఆడపడుచు వాళ్లు ఈ ఖాళీలో "ఊరికే ఎందుకు" అని జీపు మాట్లాడుకుని సింథేరి రాక్స్‌కి పోయారు. చోటు గొప్పదే, మూడు వందల అడుగుల ఏకశిల. కానీ దానికి మెట్లు దిగి ఎక్కాలి. రాత్రంతా బస్సులో కుదుపులు తిన్న పెద్దవాళ్లు సాయంత్రానికి మంచం దిగలేదు, తొట్టి దగ్గర పిట్టల్ని ఒక్కళ్లూ చూడలేదు.

మేం చేసేది వేరు. బుక్ చేసిన వారంలోనే లాడ్జికి ఫోన్ చేసి మూడు సంగతులు అడుగుతాను: పొద్దున్నే వస్తే సంచులు పెట్టుకోనిస్తారా, స్నానానికి బాత్రూం ఏదైనా ఉంటుందా, గణేశ్‌గుడి బస్టాపు నుంచి లోపలికి ఆటోనో జీపో దొరుకుతుందా. మళ్లీ బయల్దేరే రోజు పొద్దున ఒకసారి గుర్తుచేస్తాను. గది ముందుగా ఖాళీ అయితే ఇచ్చేస్తారు, కాకపోతే లేదు. ఇవ్వకపోతే గొడవ పడి లాభం లేదు. దాండేలిలోనే ఏదైనా మామూలు లాడ్జిలో రెండు మూడు గంటలకి గది తీసుకుని అందరం స్నానాలు చేసి నడుం వాలుస్తాం. ఆ డబ్బు దండగ అని మా ఆయన ప్రతిసారీ అంటాడు, అందరికంటే ముందు మంచమెక్కేది ఆయనే.

దాండేలిలో దిగగానే ముక్కుకి తగిలేది అడవి వాసన కాదు, కాగితం మిల్లు వాసన. పిల్లలు ముక్కు మూసుకుంటారు, ఊరు దాటితే పోతుంది. పనులు కొన్ని ఇక్కడే పూర్తి చేసుకోవాలి. ఏటీఎంలో నోట్లు తీసుకోండి, గణేశ్‌గుడిలో ఫోన్ సిగ్నలు దోబూచులాడుతుంది, ఫోన్ చెల్లింపుల్ని నమ్ముకోలేం. టికెట్లు, లాడ్జి రసీదు, దారి పటం ముందే ఫోన్లో దించుకుని ఉంచండి. మందుల దుకాణం ఉన్న ఆఖరి పెద్ద ఊరు కూడా ఇదే అనుకుని కొనాల్సినవి కొనేయండి. బస్టాండు చుట్టూ చిన్న హోటళ్లలో ఇడ్లీ, అటుకుల ఉప్మా దొరుకుతాయి. తర్వాత జోయిడా వైపు వెళ్లే మామూలు బస్సెక్కితే గణేశ్‌గుడి మీదుగానే పోతుంది. ఎక్కేముందు "గణేశ్‌గుడి హోగుత్తా?" (పోతుందా) అని అడిగి ఎక్కండి. మళ్లీ బస్సు ఎప్పుడో కూడా అప్పుడే కనుక్కోండి, ఆ దారిలో బస్సులు బెంగళూరు సిటీ బస్సుల్లా వెంటవెంటనే రావు.

అక్కడ

గదిలో సంచులు పడేసి భోజనం చేశాక జేజిని గంట పడుకోబెట్టడం తప్ప ఇంకేం పెట్టుకోకండి. మూడు దాటాక తొట్ల దగ్గరికి చేరాలి. ఎండ వాలేకొద్దీ ఒక్కొక్కటే దిగుతాయి. మెడకింద నిప్పు పెట్టినట్టుండే పసుపు పికిలిపిట్ట ఉంటుంది, గోవా రాష్ట్ర పక్షి అదే. నారింజ రంగు తల ఉన్న థ్రష్, పొడుగు తోక శ్యామా, అదృష్టం బాగుంటే ఎర్రటి పొట్టతో కదలకుండా కూర్చునే మలబార్ ట్రోగన్. నది దగ్గర నీలి చెవుల లకుముకి పిట్ట కోసం దేశం నలుమూలల నుంచీ ఫోటోలవాళ్లు వస్తారు. తల మీదుగా బస్సు బ్రేకు గాలి వదిలినట్టు చప్పుడొస్తే పైకి చూడండి, హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పిట్ట రెక్కల చప్పుడది. దాండేలి చుట్టూ కాళీ ఒడ్డు అడవిని 2011లో వీటికోసమే ప్రత్యేకంగా కేటాయించారు.

పిల్లల్ని గంటసేపు నోరెత్తకుండా కూర్చోబెట్టడం ఎలా అంటే, కూర్చోబెట్టలేం. చిన్నదానికి ఇరవై నిమిషాలు గరిష్ఠం, తర్వాత మా ఆయన దాన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకుని పోతాడు. పెద్దోడికి నోటు పుస్తకం ఇచ్చి రంగు, తోక, ముక్కు గీయమంటే సాయంత్రం దాకా ఉంటాడు. జేజి మాత్రం అందరికంటే గట్టి పిట్టల మనిషి అని తేలింది. పొలాల్లో పెరిగిన కళ్లు, ఆకు కదిలితే చాలు. గైడు చూపించకముందే వడ్రంగిపిట్టని చూపించింది.

రాఫ్టింగు గురించి పిల్లలు గోల చేస్తారు. వయసు పరిమితి ఉంటుంది, ఆనకట్ట నుంచి నీళ్లు వదలడాన్ని బట్టి వేళలూ మారతాయి. పిల్లలకి మాటిచ్చే ముందే లాడ్జిలో అడగండి. ప్యాకేజీలో ఏది కలిసి ఉందో, దేనికి వేరే కట్టాలో బుక్ చేసేటప్పుడే చదువుకుంటే అక్కడ మొహాలు చూసుకోవాల్సిన పని ఉండదు.

ఒక జాగ్రత్త గట్టిగా చెబుతాను. మలెనాడు, ఉత్తర కన్నడ అడవుల్లో గోమార్ల లాంటి చిన్న పురుగుల వల్ల వచ్చే జ్వరం ఒకటుంది, కోతి జ్వరం అంటారు. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో మొదట బయటపడింది, అందుకే డాక్టర్లు కేఎఫ్‌డీ (క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్) అంటారు. ఎక్కువగా జనవరి నుంచి మే దాకా వస్తుంది. భయపడి మానుకోవాల్సిన పని లేదు. నిండు ప్యాంటు వేసి అంచు సాక్సుల్లోకి దోపండి, ఎండుటాకుల మీద కూర్చోనివ్వకండి. నడిచొచ్చిన బట్టలు విడిచి వేణ్నీళ్లతో స్నానం చేయించి చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక చూడండి. ఇంటికొచ్చాక రెండు వారాల్లో ఎవరికైనా గట్టి జ్వరమొస్తే డాక్టరుకి ఏ అడవికి పోయారో మొదటి మాటగా చెప్పండి.

కోతులు ఉంటాయి, గది తలుపు గడియ పెట్టే వెళ్లండి. చీకటి పడ్డాక గది నుంచి భోజనశాలకి పోవాలన్నా టార్చి నేల మీదికి వేసుకుంటూ నడవాలి, పాములున్న చోటది.

తిండి దగ్గర మా అత్తకి ఎక్కడా నచ్చదు, ఇటువైపు మాత్రం నచ్చుతుంది. జొన్న రొట్టె, ఎణ్ణెగాయి అనే గుత్తివంకాయ, వేరుశనగ పొడి. "ఇది మన తిండే కదా" అని రెండో రొట్టె వేయించుకుంది.

వచ్చేటప్పుడు

పొద్దున గది ఖాళీ చేస్తే బస్సు దాండేలిలో రాత్రికి. మళ్లీ అదే ఖాళీ, ఈసారి తిరుగు దిక్కులో. సంచులు లాడ్జిలోనే ఉంచి మధ్యాహ్నం దాకా కూర్చోనిస్తారేమో అడగండి. సాయంత్రం ఆఖరి బస్సు మీద ఆధారపడకుండా మూడు నాలుగింటికల్లా గణేశ్‌గుడి వదిలేయాలి. అది రాకపోతే రాత్రి బస్సు పోతుంది. దాండేలిలో వెలుతురుండగానే జేజికి భోజనం, మాత్ర. చెత్త కవర్లు, బిస్కెట్ల కాగితాలు అడవిలో పారేయకుండా ఇక్కడిదాకా తెచ్చి డబ్బాలో వేస్తాం. ధారవాడ పేడా కావాలంటే రాత్రి బస్సు ఆగినప్పుడు దొరుకుతుందని నమ్మొద్దు, దాండేలిలోనే ఏ బేకరీలోనో అడిగి కొనేయండి.

తిరుగు రోజు ఎంచుకోవడంలో మెట్రోని కూడా చూసుకోండి. శనివారం రాత్రి ఎక్కితే ఆదివారం తెల్లారుజామున మెజెస్టిక్‌లో దిగుతారు, ఆదివారం మెట్రో ఏడింటికి గానీ మొదలుకాదు. పిల్లలతో బస్టాండు బెంచీ మీద కూర్చోవాలి, లేదంటే ఆటోవాళ్లు అడిగినంత ఇవ్వాలి. ఆదివారం రాత్రి ఎక్కితే నయం. ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల కోసమని 2025 జనవరి నుంచి సోమవారాలు మొదటి మెట్రో తెల్లవారుజాము 4:15కే వదులుతున్నారు. తుమకూరు రోడ్డు అప్పటికి ఖాళీగా ఉంటే బస్సు అయిదున్నర, ఆరింటికి మెజెస్టిక్. గ్రీన్ లైను వైపు ఉండేవాళ్లు అక్కడిదాకా రాకుండా గోరగుంటెపాళ్యలోనో యశవంతపురలోనో దిగిపోవచ్చు, ఎక్కడ ఆపుతాడో కండక్టరుని రాత్రే అడిగి పెట్టుకోండి. మేం మెజెస్టిక్‌లో దిగి పర్పుల్ లైనెక్కితే ఏడులోపు బెన్నిగానహళ్లి. పెద్దోడి స్కూలు బస్సు ఎనిమిదింటికి. యూనిఫారం ఇస్త్రీ చేసి, టిఫిన్ డబ్బా కడిగి శుక్రవారమే పెట్టి వెళ్తాను.